ఉదయం సంతకం, సాయంత్రం రాజీనామా

2018 సెప్టెంబరులో మా కాలేజీ నన్ను అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్‌కు చైర్‌గా నియమించింది. పరీక్షల్లోనూ వ్యాసాల్లోనూ మోసం చేశారని ఆరోపణ వచ్చిన విద్యార్థులను విచారించి తీర్పు చెప్పే ముగ్గురి బృందం అది. కాలేజీ కెనడాలోని ఒంటారియోలో ఉంది, హామిల్టన్ నుంచి బస్సులో వెళ్ళి రావచ్చు. అంతకు మించి చెప్పను. ఇందులో వచ్చే మనుషుల పేర్లన్నీ మార్చాను. ఈ వయసులో లాయర్ల ఉత్తరాలు చదివే ఓపిక నాకు లేదు.

నా తెలివితేటలు చూసి ఆ పదవి ఇచ్చారనుకునేంత అమాయకుణ్ణి కాను. నేను రాజనీతి శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ని, రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డవాణ్ణి. అప్పటికి విచారణకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది మన దేశం నుంచి వచ్చినవాళ్ళే. శిక్ష వేసే కుర్చీలో వాళ్ళ రంగువాడే ఒకడు కూర్చుంటే చూడ్డానికి బాగుంటుంది. అది తెలిసే ఒప్పుకున్నాను. ఎవరో ఒకరు కూర్చోక తప్పదు, నేనే కూర్చుంటే పోలా అనుకున్నాను.

అవి విద్యార్థులు వరదలా వచ్చి పడుతున్న రోజులు. నేను ఆ కాలేజీలో చేరిన కొత్తలో కారిడార్లో ఒక్క తెలుగు మాట వినపడితే తల తిప్పి చూసేవాణ్ణి. ఆ ఏటికి తెలుగు వినపడని చోట కాఫీ తాగాలంటే స్టాఫ్ రూముకు పోవలసి వచ్చేది. కరీంనగర్, గుంటూరు, కడప, ఖమ్మం పిల్లలంతా కలిసి ఒక కొత్త యాస మాట్లాడేవాళ్ళు. వాళ్ళను కూర్చోబెట్టడానికి గదులు చాలక, వ్యాయామశాల మధ్యలో అడ్డుగోడలు నిలబెట్టి తరగతులు నడిపారు. అవతల నిలబడి చెప్పే పాఠం ఇవతలికి వినపడేది. పాఠాలు చెప్పేది సెమిస్టరుకింత అని మాట్లాడుకున్న కాంట్రాక్టు అధ్యాపకులు. వాళ్ళకు గది లేదు, బల్ల లేదు, వచ్చే సెమిస్టరు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. స్లైడ్లు, ప్రశ్నలు, మార్కులు వేసే కీ అన్నీ కాలేజీ ముందే తయారుచేసి వాళ్ళ చేతిలో పెట్టేది. అలాంటి చోట నిజాయితీని కాపాడే పని నాకు అప్పగించారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

డిసెంబరు పరీక్షల తర్వాత నా దగ్గరకు ఒక కేసు వచ్చింది. ఏ డిప్లొమా చదువుతున్నా సరే, బయటి సబ్జెక్టు ఒకటి తీసుకోవాలన్నది అక్కడి నిబంధన. తొమ్మిదిమంది తెలుగు విద్యార్థులు ఇరవయ్యో శతాబ్దపు రాజకీయ నాయకుల గురించిన కోర్సు తీసుకున్నారు. పరీక్షలో దక్షిణ అమెరికా నాయకుడు ఎవరిస్తో లుసేరో రాజకీయ జీవితాన్ని అంచనా వేయమని ఒక ప్రశ్న వచ్చింది. తొమ్మిదిమందీ ఒకే జవాబు రాశారు. ఒకేలాంటి జవాబు కాదు, అక్షరం పొల్లు పోకుండా ఒకటే.

ఫిర్యాదు వస్తే ముందు ఇంటెగ్రిటీ అధికారి దర్యాప్తు చేసి నివేదిక ఇస్తాడు. నివేదికలో ఉన్న ఆరోపణను విద్యార్థికి రాతపూర్వకంగా తెలియజేస్తారు. తర్వాత ప్యానెల్ విచారణ జరుగుతుంది. క్రిమినల్ కోర్టులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు కానక్కర్లేదు. జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందని ప్యానెల్‌కు నమ్మకం కుదిరితే చాలు. మా వృత్తిలో ఇంకో సూత్రం కూడా ఉంది. పదిమంది ఒకే ఒప్పు రాస్తే అది సాక్ష్యం కాదు, పదిమంది ఒకే తప్పు రాస్తే అది సాక్ష్యం. లుసేరో ప్రవాసంలో ఉన్నది మాంట్రియల్‌లో. తొమ్మిది పేపర్లలోనూ టొరంటో అని ఉంది.

అధికారి నివేదికలో ఇంకో ఆధారం కూడా చూపించాడు. తొమ్మిది పేపర్లలోనూ చిన్న చిన్న శీర్షికలు ఉన్నాయి, వాటి కింద రెండేసి గీతలు ఉన్నాయి, ఆ గీతలు ఒకే చోట ఉన్నాయి. ఒకరి పేపరు చూసి ఒకరు గీస్తే తప్ప ఇలా జరగదని తేల్చాడు. అది చదివి నేను నవ్వాను, ఆ వెంటనే నాకు కోపం వచ్చింది. మన ఇంటర్మీడియట్ కాలేజీల్లో చదివినవాడెవడైనా సైడ్ హెడింగ్ పెట్టి, స్కేలు పెట్టి, రెండు గీతలు కొట్టకుండా జవాబు రాస్తాడా? గీత లేకపోతే దిద్దేవాడు పేజీ తిప్పేస్తాడని చెప్పి చెప్పి పెంచిన పిల్లలు వాళ్ళు. నరసరావుపేటలో నేను చదువుకున్నప్పుడూ అంతే.

కేసులో చిక్కుకున్నవాళ్ళలో ఒకమ్మాయి శ్రావణి. జగిత్యాల పిల్ల, సప్లై చెయిన్ డిప్లొమాలో చివరి ఏడాది చదువుతోంది, సాయంత్రాలు ఒక కాఫీ షాపులో పనిచేసేది. జవాబు తయారుచేసింది తనేనని అధికారి దగ్గర మొదటి రోజే ఒప్పుకుంది. నిజం చెబితే గండం గడుస్తుందనుకుంది. ఒప్పుకున్న పాపానికి ఆమెను మూలకారకురాలిగా లెక్కగట్టారు. మిగతా ఎనిమిదిమందికి ఆ పరీక్షలో సున్నా, ఆమెకు ఒక సెమిస్టరు సస్పెన్షన్ వేయాలని సిఫార్సు వచ్చింది. ఆ సస్పెన్షన్ ఏమిటో కాలేజీ వాళ్ళకు తెలియదంటే నేను నమ్మను. సస్పెండ్ అయితే నమోదు ఆగిపోతుంది. నమోదు ఆగితే స్టడీ పర్మిట్ షరతు తప్పినట్టే. చదువయ్యాక రావలసిన వర్క్ పర్మిట్‌కూ ఎసరు వస్తుంది. స్థానికంగా పుట్టిన పిల్లలకు సస్పెన్షన్ అంటే నాలుగు నెలలు ఇంట్లో కూర్చోవడం. శ్రావణికి అది విమానం టికెట్టు.

ఇక్కడ లుసేరో గురించి కొంచెం చెప్పాలి. అసలు పేరు ఇది కాదు, ఆయన మనుమలు ఇంకా ఎన్నికల్లో నిలబడుతున్నారు. ఆండీస్ పర్వతాల్లో తగరపు గనులున్న ఒక దేశంలో రైల్వే టెలిగ్రాఫ్ గుమాస్తాగా మొదలై, కార్మిక నాయకుడై, పార్లమెంటు సభ్యుడై, చివరకు కార్మిక శాఖ మంత్రి అయ్యాడు. గనుల్లో చనిపోయినవాళ్ళ భార్యలకు పెన్షన్ వచ్చేలా చట్టం తెచ్చాడు. ఆయన మంత్రిగా ఉండగా గనుల్లో పెద్ద సమ్మె జరిగింది. సమ్మె చట్టవిరుద్ధమన్న ఉత్తర్వు మీద కార్మిక మంత్రి సంతకం పడితే తప్ప సైన్యాన్ని పంపడానికి వీల్లేదు. ఉత్తర్వు వచ్చింది, సైన్యం వెళ్ళింది, కార్మికులు చచ్చిపోయారు. ఆ సాయంత్రమే లుసేరో రేడియోలో రాజీనామా ప్రకటించాడు. ఆ ఒక్క ప్రసంగంతో జనానికి దేవుడైపోయాడు. సెనేటుకు గెలిచాడు. సైనిక ప్రభుత్వం వచ్చాక పారిపోయి మాంట్రియల్ చేరాడు. కొన్నేళ్ళ తర్వాత తిరిగి వెళ్ళి, మళ్ళీ గెలిచి, సెనేటర్‌గానే కన్నుమూశాడు. సంతకానికి నిరాకరించి రాజీనామా చేశాడని, అధ్యక్షుడే ఆ శాఖను తన చేతిలోకి తీసుకుని ఆ సంతకం పెట్టుకున్నాడని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. మా కాలేజీ స్లైడులోనూ అలాగే ఉంది.

నాకు ఆయన వ్యక్తిగతంగా తెలుసు. నా పీహెచ్‌డీ మాంట్రియల్‌లో ఆయన దేశపు కార్మిక చట్టాల మీద చేశాను. మా నాన్నగారు నేను అమెరికా రాజకీయాలు చదువుతున్నానని ఊళ్ళో చెప్పుకునేవారు, ముందున్న దక్షిణ అన్న మాట మింగేసేవారు. లుసేరో అప్పుడు కూరగాయల మార్కెట్ పక్కన రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. ఒక బడి భవనానికి వాచ్‌మన్. శనివారాలు వంటింట్లో కూర్చోబెట్టి, చేదు టీ పోసి, నేను అడిగినవన్నీ చెప్పేవాడు. ఒక శనివారం ఆ ఉత్తర్వు సంగతి అడిగాను. ఆయన తడుముకోలేదు.

"రెండూ నేనే చేశాను. ఉదయం సంతకం, సాయంత్రం రాజీనామా. సంతకం చూసినవాళ్ళు గనుల దగ్గర చచ్చిపోయారు. రాజీనామా విన్నవాళ్ళు బతికి నాకు ఓట్లేశారు."

రాయమంటారా అని అడిగాను. రాసుకో, ఎవరూ చదవరు అన్నాడు. నేను రాశాను. ఆయన అన్నట్టే ఎవరూ చదవలేదు.

కేసు నా దగ్గరకు రాగానే రెండు విషయాలు రాతపూర్వకంగా తెలియజేశాను. విద్యార్థులు నా భాష వాళ్ళని ఒకటి, లుసేరో మీద నేను పరిశోధన చేశానని రెండోది. ఎవరైనా అభ్యంతరం చెబితే తప్పుకోవడం పద్ధతి. ఎవరూ చెప్పలేదు. ప్యానెల్‌లో రెండో సభ్యురాలు అసోసియేట్ డీన్ హెలెన్, మూడో సభ్యుడు విద్యార్థి సంఘం తరఫున వచ్చే టైలర్. ఇంజనీరింగ్ టెక్నాలజీ చదివే నెమ్మదస్తుడైన కుర్రవాడు.

విచారణకు ముందు వారం డాక్టర్ రామ్మోహన్ రావు గారు ఫోన్ చేశారు. హామిల్టన్ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా రిటైరైన పెద్దమనిషి. మా తెలుగు వాళ్ళలో ఆయన మాటకు విలువ ఉంది. కేసు సంగతి ఊరంతా పాకింది. ఈ కొత్త పిల్లల వల్ల మన పరువు గంగలో కలుస్తోందనీ, మనం వచ్చినప్పుడు ఎంత ఒద్దికగా ఉండేవాళ్ళమో మీకు తెలుసుననీ, వాళ్ళను వెనకేసుకు రావద్దనీ ఆయన చెప్పుకుపోయారు. కేసు గురించి నేను మాట్లాడకూడదని చెప్పి, వేరే ప్రశ్న ఒకటి అడిగాను.

"మీరు అనాటమీ ఎలా చదివారు డాక్టరు గారూ?"

అదీ ఇదీ ఒకటేనా అని ఆయన కోపంగా ఫోన్ పెట్టేశారు. ఆయన గుంటూరులో పెద్ద పుస్తకాన్ని పేజీ పేజీ బట్టీ పట్టి బంగారు పతకం తెచ్చుకున్నానని ప్రతి పార్టీలోనూ చెప్పేవారు. బస్సు ఎక్కేదాకా తోసుకుని, తాను ఎక్కాక తలుపు వేసేయమనే రకం మనుషులు మనలో ఎంతమంది ఉన్నారో అప్పుడే నాకు బాగా తెలిసింది.

సస్పెన్షన్ సిఫార్సు ఉన్నది శ్రావణికే కాబట్టి మొదటి విచారణ ఆమెది, ఆ రోజు ఒక్కతే వచ్చింది. తోడు తెచ్చుకునే హక్కు ఉందని నోటీసులో ఉంటుంది, ఎవరూ రాలేదు. ఆరోపణ చదివి వినిపించాను. పరీక్ష హాలులో ఇతరులతో కలిసి కాపీ కొట్టడం. ఈ ఆరోపణ మాటలు పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, గొడవంతా వీటి దగ్గరే వచ్చింది. సమాధానం చెప్పమంటే ముందు ఇంగ్లిషులో మొదలుపెట్టి, గాభరాలో తెలుగులోకి వచ్చేసింది.

"కాపీ కొట్టలేదు సార్. కాలేజోళ్ళే ఆరు క్వశ్చన్లు ముందు ఇచ్చిన్రు, అందుల రెండు వస్తయన్నరు. మేం పంచుకున్నం. ఒక్కొక్కరం ఒక్కోటి రాసినం, అన్నీ అందరం బట్టీ పట్టినం. లుసేరో నాది."

నేను దాన్ని మిగతా ఇద్దరికీ ఇంగ్లిషులో చెప్పాను. ఆరు ప్రశ్నలు ముందుగా ఇచ్చిన మాట నిజమేనా అని అక్కడే కూర్చున్న ఇంటెగ్రిటీ అధికారిని అడిగాను. నిజమేనన్నాడు, అన్ని సెక్షన్లకూ అదే పద్ధతట. నివేదికలో ఆ ముక్క ఎందుకు లేదని అడిగాను. అవసరం అనిపించలేదన్నాడు. టొరంటో సంగతి అడిగితే శ్రావణి తల దించుకుంది. తనకు కెనడా అంటే టొరంటోయేననీ, పెద్దమనిషి కెనడా వచ్చాడని క్లాసులో విని తనే అలా రాసుకున్నాననీ చెప్పింది. ఆమె తప్పును మిగతా ఎనిమిదిమందీ భక్తిగా బట్టీ పట్టారు.

అయితే ఆ జవాబు ఇప్పుడు చూడకుండా చెప్పమన్నాను.

ఆమె లేచి నిలబడింది. నిలబడమని ఎవరూ అనలేదు. చేతులు కట్టుకుని, గోడ మీదికి చూస్తూ, మన ఊళ్ళ ఇంగ్లిషులో మొదలుపెట్టింది. సైడ్ హెడింగుతో సహా చెప్పింది. తొలి జీవితం, కార్మిక ఉద్యమం, మంత్రి పదవి, సమ్మె, ప్రవాసం, అంచనా. టెలిగ్రాఫ్ గుమాస్తా మంత్రి అయ్యాడు, వితంతువులకు పెన్షన్ వచ్చింది, సైన్యం గనులకు వెళ్ళింది. ఉత్తర్వు మీద సంతకం చేయడానికి ఆయన నిరాకరించి రాజీనామా చేశాడు అన్న వాక్యం వచ్చినప్పుడు నేను కాగితం వైపు చూశాను. ఒక్క కామా కూడా తేడా లేదు. టొరంటో దగ్గర మాత్రం గొంతు సన్నబడింది, అయినా ఆగలేదు. హెలెన్ పేపరు మీద వేలు పెట్టి వరస తప్పకుండా చూస్తూ పోయింది, చివరికి వేలు తీసేసింది.

పరీక్షలో రాని ప్రశ్న ఒకటి అడిగాను. అదీ చెప్పింది. వేరే అమ్మాయి తయారుచేసిన జవాబు, అదీ అంతే ధారగా. ఎక్కడ ఆపాలో నేను చెప్పేదాకా ఆపలేదు.

కాపీ కొట్టలేదని ఇంతకన్నా రుజువు ఏం కావాలి? విద్యార్థిని బయటికి పంపి మేం ముగ్గురం చర్చకు కూర్చున్నాం. ఆరోపణ వీగిపోయింది, కేసు కొట్టేద్దాం అన్నాను. హెలెన్ తల అడ్డంగా ఊపింది. ఇది ఇంకా అధ్వానం అంది. ఒకళ్ళు రాసినది తొమ్మిదిమంది తమదిగా రాయడం అనుమతి లేని సహకారం కిందికి వస్తుందనీ, దానికి మూలం ఈ అమ్మాయేననీ వాదించింది. టైలర్ కూడా ఆమెతో కలిశాడు. తను చదివి అర్థం చేసుకుని తన మాటల్లో రాస్తాడనీ, వాళ్ళెందుకు రాయకూడదనీ అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. బట్టీ చదువు మీద నాకేం ప్రేమ లేదు. దాన్ని చదువంటూ పిల్లల నెత్తిన రుద్దినవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ కోపమే. నాకూ అది వదలడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కానీ ఆరోపణ అది కాదు. హాలులో కాపీ కొట్టారని నోటీసు ఇచ్చి, అది తప్పని తేలాక, అక్కడికక్కడే కొత్త ఆరోపణ తయారుచేసి శిక్ష వేయడం ఏ పద్ధతి? తన మీద వచ్చిన ఆరోపణ ఏమిటో ముందు తెలియాలి, దానికి జవాబు చెప్పుకునే అవకాశం ఉండాలి. విచారణ అన్న మాటకు అర్థం ఇదే. పైగా కలిసి తయారుకావద్దని ఆ కోర్సులో ఎవరూ చెప్పలేదు. ప్రశ్నలు ముందే ఇచ్చి, బాగా తయారై రండి అని పంపి, తయారై వస్తే నేరం అంటున్నారు. ఇవన్నీ చెప్పాను, గొంతు పెంచే చెప్పాను. రెండు ఓట్లకు ఒక ఓటు, నేను ఓడిపోయాను.

హెలెన్ చెడ్డ మనిషి కాదు. అందుకే ఆమె మీద నాకు ఇంకా కోపం. పత్రికల్లో విదేశీ విద్యార్థుల చదువు నాణ్యత గురించి రాతలు వస్తున్న సమయం అది. కొందర్ని గట్టిగా శిక్షించామని చూపిస్తే ఫీజులు తెచ్చే మిగతా విదేశీ సీట్ల పరువు నిలబడుతుందని పైవాళ్ళ లెక్క. ఆ లెక్క ఆమె నోటితో చెప్పలేదు. మరుసటి వారం నా గదికి వచ్చి, తీర్పు కాగితం బల్ల మీద పెట్టి, చాలా మర్యాదగా ఒక సలహా మాత్రం ఇచ్చింది. మెజారిటీ తీర్పు మీద చైర్ సంతకం చేయడం ఆనవాయితీ. సంతకం చేయండి, మీ అసమ్మతిని విడిగా రాసి జతచేయండి, మనసు ఒప్పకపోతే తర్వాత పదవికి రాజీనామా చేయండి, అందరూ మిమ్మల్ని గౌరవిస్తారు అంది.

ఆ మాట వినగానే నాకు మాంట్రియల్ వంటిల్లు గుర్తొచ్చింది. ఆ శనివారం లుసేరో ఇంకో మాట కూడా అన్నాడు. వయసులో ఉన్న నాకు అది అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు.

"రాజీనామాకు నాకు ధైర్యం అక్కర్లేకపోయింది. దానికి చప్పట్లు కొడతారని తెలుసు. సంతకం పెట్టకుండా, వాళ్ళు మెడపట్టి గెంటేదాకా ఆ కుర్చీలోనే కూర్చుని ఉంటే సైన్యం రెండు రోజులు ఆగేది. రెండు రోజుల్లో గనుల్లోవాళ్ళు ఇళ్ళు ఖాళీ చేసుకునేవాళ్ళు. ఆ ధైర్యం లేకపోయింది."

నేను హెలెన్‌తో సంతకం పెట్టను, రాజీనామా కూడా ఇవ్వను అన్నాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను.

మా నియమావళిలో ఒక ఖాళీ ఉంది. చైర్ సంతకం చేసిన తేదీ నుంచి తీర్పు అమలవుతుంది. చైర్ రాజీనామా చేస్తే, జబ్బు పడితే, సెలవులో ఉంటే, పక్షపాతం బయటపడితే ఇంకొకరిని వేయవచ్చు. ఆరోగ్యంగా ఉండి, రోజూ పనికి వచ్చి, పదవి వదలకుండా, సంతకం మాత్రం పెట్టని చైర్‌ను ఏం చేయాలో అందులో లేదు. అలాంటివాడు ఉంటాడని రాసినవాళ్ళకు తట్టలేదు. నేను ఆ శీతాకాలంలో ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. జలుబు చేస్తే మాత్ర వేసుకుని వెళ్ళి తలుపు తీసి కూర్చున్నాను. మా ఆవిడ, ఇదేం మొండితనమండీ అని రోజూ తిట్టేది, రోజూ లంచ్ బాక్సు కూడా కట్టిచ్చేది.

కాలేజీ వైస్ ప్రెసిడెంటు పిలిపించాడు. కాలేజీ పట్ల నా విధేయత గురించి మాట్లాడాడు. విధేయత ఎవరికో చెప్పమని అడిగాను. నేను నా వాళ్ళని కాపాడుకుంటున్నానని కొందరు అనుకుంటున్నట్టు చెప్పాడు. అభ్యంతరాలు చెప్పడానికి ఇచ్చిన సమయంలో ఒక్కరూ నోరు విప్పలేదనీ, సంతకం పెట్టనన్నాక ఇప్పుడు నా ఒంటి రంగు గుర్తొచ్చిందా అనీ అడిగాను. ఆరోపణ ఒకటి, తీర్పు ఇంకొకటి అయిన ఈ కాగితాన్ని మీ లాయరుకు చూపించండి, ఆయన సరేనంటే అప్పుడు నన్ను తీసేయండి అన్నాను. చూపించినట్టున్నారు. ఆ తర్వాత నన్ను ఎవరూ పిలవలేదు.

ఈలోగా జనవరి సెమిస్టరు నడుస్తోంది. తీర్పు అమలు కాలేదు కాబట్టి శ్రావణి నమోదు నిలిచే ఉంది, ఆమె క్లాసులకు వస్తూనే ఉంది. కారిడార్లో ఎదురైతే తల దించుకుని పోయేది. కేసు నడుస్తుండగా నేనూ పలకరించకూడదు. మార్చిలో కాలేజీ తొమ్మిదిమందికీ ఒకే ఉత్తరం పంపింది. ఆరోపణ ఉపసంహరించుకున్నామనీ, అదే కోర్సుకు మళ్ళీ పరీక్ష పెడతామనీ. క్షమాపణ అన్న మాట అందులో లేదు. తప్పు చేయలేదన్న మాట కూడా లేదు.

ఉత్తరం అందిన మర్నాడు శ్రావణి నా గదికి వచ్చింది. థాంక్స్ చెప్పి, తలుపు దగ్గరే నిలబడి, క్లాసులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నానంది. మీరు లుసేరోను చూసిన్రట కదా సార్ అని అడిగింది. కూర్చోబెట్టి ఉదయం సంతకం సంగతి, సాయంత్రం రాజీనామా సంగతి చెప్పాను. శ్రద్ధగా వింది. విని, పరీక్షలో ఏది రాయాలి సార్ అంది.

నాకు తిక్క రేగింది. నీ కోసం ఇంత గొడవ పడ్డది నువ్వు మళ్ళీ ఏది రాయాలని అడగడానికా అన్నాను. ఎప్పుడైనా ఒక్కసారి, ఏది జరిగిందో అది, నీకు ఏమనిపించిందో అది, నీ మాటల్లో రాయడం చేతకాదా అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. నెమ్మదిగా జవాబు చెప్పింది.

"మీరు అంటరు సార్, మీకేం కాదు. మాకు ఒక్క మార్కు తప్పినా ఇంటికే కదా."

వెళ్ళి చదువుకో అన్నాను, ఏది రాయాలో మాత్రం చెప్పలేదు.

మళ్ళీ పరీక్ష పెట్టారు, అదే ప్రశ్న ఇచ్చారు. ఫలితాలు వచ్చాక ఆమె పేపరు తెచ్చి చూపించింది. సైడ్ హెడింగులు లేవు, గీతలు లేవు. ఇంగ్లిషు తడబడింది, కానీ ఆమెదే. లుసేరో ఉదయం సంతకం చేశాడనీ, సాయంత్రం రాజీనామా చేశాడనీ, జనం గుర్తుపెట్టుకున్నది రెండోదాన్నేననీ, దానికి కారణం మొదటిదాన్ని చెప్పేవాళ్ళు బతికి లేకపోవడమేననీ రాసింది. మాంట్రియల్ అని సరిగ్గానే రాసింది. ఆ పేరా పక్కన ఎర్ర సిరాతో తప్పు గుర్తు ఉంది. సంతకానికి నిరాకరించాడు అన్న అంశానికి కీలో మార్కులు ఉన్నాయి, అవి పోయాయి. మిగతా ఎనిమిదిమంది స్లైడులో ఉన్నదే రాసి ఆమె కన్నా ఎక్కువ తెచ్చుకున్నారు. ఆమె గట్టున పడింది, అంతే.

నేను ఆ పేపరు పట్టుకుని దిద్దిన కాంట్రాక్టు అధ్యాపకుడి దగ్గరికి వెళ్ళాను. అతను నా థీసిస్ పేరు రాసుకున్నాడు, చదువుతానన్నాడు, పాపం మంచివాడే. కీ మార్చే అధికారం తనకు లేదనీ, కోర్సు కోఆర్డినేటర్ సంతకం కావాలనీ చెప్పాడు. మార్కుల మీద అప్పీలు చేయిస్తాను, నా పరిశోధన సాక్ష్యంగా పెడతాను అని శ్రావణితో అన్నాను. ఆమె పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది.

"వద్దు సార్. మళ్ళా ప్యానెల్ అంటరు."

ఆమె ఆ వేసవిలో డిప్లొమా పూర్తి చేసింది, వర్క్ పర్మిట్ వచ్చింది, కెనడా పడమటి ఒడ్డున ఉన్న సర్రీలో ఒక గోదాములో ఉద్యోగానికి వెళ్ళింది. నా పదవీకాలం అదే వేసవితో ముగిసింది. పొడిగిస్తారా అని నేను అడగలేదు, పొడిగిస్తామని వాళ్ళూ అనలేదు. మరుసటి ఏడు నేను రిటైరయ్యాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది చెప్పి ముగిస్తాను. రాజీనామాకు ఏ సంస్థా భయపడదు. లేఖ తీసుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి, మర్నాటికి ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటుంది. దానికి ఇబ్బంది కలిగించేది సంతకమూ పెట్టక, కుర్చీ కూడా వదలనివాడు. లుసేరోకు ఆ సంగతి దేశం పోయాక తెలిసింది. నాకు సమయానికి తెలిసింది, అది కూడా ఆయన చెప్పడం వల్లనే. అయితే అలాంటి ఖాళీ ఒక్కసారికే పనికొస్తుందని కూడా తెలిసింది. నేను దిగిపోయిన ఏడాదిలోపే మా నియమావళిని సవరించారు. ఇప్పుడు మెజారిటీ తీర్పు అమలు కావడానికి చైర్ సంతకం అక్కర్లేదు. లుసేరో స్లైడు మాత్రం ఇంకా అలాగే ఉందని విన్నాను.